తొంభై డిగ్రీలు

పార్నులో జనవరి.
ఇస్త్రీకి నోచుకోని దుప్పటిలా
సముద్రం గడ్డకట్టి పడుకుంది.
లాండ్రీ వెనక గోడకి ఒక్క కిటికీ మాత్రం
బార్లా తెరిచి ఉంది.
లోపలి ఆవిరి బయటికొచ్చి
చూరుకి కోరలు మొలిపిస్తోంది.

నా సంచిలో నలభై స్లైడ్లు.
సంస్థల అలవాట్లు మారుస్తానని చెప్పి
బతికేవాణ్ణి నేను.
గోడ మీద, నాకన్నా ముందొచ్చిన వాళ్ల గుర్తు:
"భూమికి మా మాట" అని ఆకుపచ్చ అక్షరాలు,
వాటి మీద ప్లాస్టిక్ పొర,
నాలుగు మూలలా మేకులు.

మొదటి రోజు నేను మాట్లాడాను.
పదకొండు మంది విన్నారు,
యంత్రం తిరగడం ఎప్పుడాగుతుందా అని
చూసే వాళ్లలా.
ఇరవయ్యో స్లైడు దగ్గర
షిఫ్టు పెద్ద కల్మెర్ గడియారం చూశాడు.
నేనూ చూశాను.

రెండో రోజు కంప్యూటర్ తెరవలేదు.
మడతల బల్ల దగ్గర నిలబడితే
ఉర్వె నా చేతికో కొస అందించింది.
దూరం జరిగి, దగ్గరకొచ్చి,
దూరం జరిగి, దగ్గరకొచ్చి,
ఏ నూరో దుప్పటి తర్వాతో అడిగాను:
అన్నీ తొంభైలోనే ఎందుకు ఉడకేస్తారు?
ఆస్పత్రివంటే సరే.
హోటల్ బల్లగుడ్డలు ఏం పాపం చేశాయి?

"నేను చేరేసరికి నాబ్ తొంభై మీద ఉంది."
ఆమె చేరి ముప్ఫై ఒక్క ఏళ్లు.
మరి ఆ కిటికీ?
"ఉక్కకి. నాబ్ ముట్టుకోకూడదు.
కిటికీ ముట్టుకోవచ్చు."

మధ్యాహ్నం ఆప్రాన్ జేబులోంచి
తడికి ఉబ్బిన నోటుపుస్తకం తీసింది.
పంతొమ్మిదేళ్ల నీటి మీటరు అంకెలు,
రోజుకో వరస, పెన్సిల్‌తో.
ఎవరు రాయమన్నారు?
"ఎవరూ అనలేదు.
అన్ని నీళ్లు పోతుంటే
ఒక్కరికైనా లెక్క తెలియొద్దా?"

ఆ పుస్తకమే బల్ల మీద పెట్టి
అందరం కూర్చున్నాం, డైరెక్టర్ హెల్వెతో సహా.
అప్పుడు కల్మెర్ అడిగాడు:
"అరవైకి దించాక ఒక్క మరక తిరిగొస్తే
ఎవరి మెడకి చుట్టుకుంటుంది?"

కర్బనం గురించి నా దగ్గర పటాలున్నాయి.
మెడ గురించి లేవు.

హెల్వె చాలాసేపు కిటికీ వైపు చూసింది.
కాగితం చింపి రాసింది:
"అరవైలో ఉతికిన గుడ్డకి జవాబు నాది."
సంతకం చేసి, తనే వెళ్లి
నాబ్ పక్కన టేపుతో అంటించింది.

ఏళ్ల తరబడి ఒకేచోట పడ్డ మడత
పెట్టె ఎంత కాల్చినా పోదని
ఉర్వె చెప్పింది. ముందు తడపాలట.
తడిపినా, గీత ఉంటుంది కొన్నాళ్లు.

ఉంది. ఫిబ్రవరిలో రాత్రి షిఫ్టు చేతులు
చీకట్లో చెప్పులు వెతికే కాళ్లలా
రెండుసార్లు తొంభైకే వెళ్లాయి.
మార్చిలో వైన్ మరకతో బల్లగుడ్డ వాపసొచ్చింది.
కల్మెర్ దాన్ని పట్టుకుని
హెల్వె గుమ్మంలో నిలబడ్డాడు.
యంత్రాలు తిరుగుతున్నాయి, మనుషులు ఆగిపోయారు.

ఆమె ఎవరి పేరూ అడగలేదు.
చేతులు పైకి మడిచి, ఉప్పు చల్లి,
మూల తొట్టిలో తనే రుద్దింది.
మరక పూర్తిగా పోలేదు.
సంస్థ మారిన రోజు అదేనేమో.
నా నివేదికలో దానికి గడి లేదు.

గోడ మీద ఆకుపచ్చ మాట అలాగే ఉంది.
ఎవరూ తీయలేదు, ఎవరూ చదవరు.

నేను బయల్దేరే రోజు కిటికీ మూశాం.
బందులు తెరుపుకే అలవాటుపడి
తుప్పుతో బిగుసుకున్నాయి,
నేనూ కల్మెరూ భుజాలు ఆనించాల్సొచ్చింది.
మూతపడగానే అద్దం మసకేసింది.
ఉర్వె వచ్చి, జేబులో పెన్సిల్ వెతుక్కుని,
దొరక్క,
ఆ ఆవిరి మీదే వేలితో
ఆ రోజు అంకె వేసింది.